లుకేమియా పిల్లలకు జ్వరం వస్తే ఆ మొదటి గంట ఎందుకంత ముఖ్యం

పిల్లలకు వచ్చే క్యాన్సర్లలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది లుకేమియా. అందులోనూ అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియాదే పెద్ద వాటా. డాక్టర్లు పొట్టిగా ఏఎల్‌ఎల్ అంటారు. రెండు నుంచి ఐదేళ్ల మధ్య పిల్లల్లో ఎక్కువగా వస్తుంది. ఇది నయమయ్యే జబ్బు. సంపన్న దేశాల్లో ఈ జబ్బు వచ్చిన పదిమంది పిల్లల్లో దాదాపు తొమ్మిదిమంది బతుకుతున్నారు. మన దేశంలోని మంచి కేంద్రాల్లోనూ చాలామంది పూర్తిగా కోలుకుని బడికి వెళ్తున్నారు.

దక్కని పిల్లల గురించి మాట్లాడుకునేటప్పుడు మాత్రం అందరూ ఒకే మాట అంటారు: మందులు పనిచేయలేదు, జబ్బు తిరగబెట్టింది అని. ప్రతిసారీ అది నిజం కాదు. కొందరు పిల్లలు లుకేమియా తగ్గుముఖం పడుతున్నప్పుడే, ఒక్కోసారి ఎముక మజ్జలో క్యాన్సర్ కణాలు కనిపించకుండా పోయిన తర్వాత కూడా, ఇన్ఫెక్షన్‌తో చనిపోతున్నారు. బ్రిటన్‌లో యూకేఏఎల్‌ఎల్ 2003 అనే పెద్ద ట్రయల్‌లో మూడు వేల మందికి పైగా పిల్లలకు, యువకులకు చికిత్స చేశారు. ఐదేళ్లలో ఇన్ఫెక్షన్‌తో చనిపోయినవాళ్లు 2.4 శాతం. అంకె చిన్నగానే కనిపిస్తుంది. కానీ ఆ ట్రయల్‌లో జరిగిన మొత్తం మరణాల్లో 30 శాతం అవే. అన్ని వసతులూ ఉన్న దేశంలో పరిస్థితి అది. ఆసుపత్రి దూరంగా ఉండటం, పిల్లల్లో పోషకాహార లోపం, మందులకు లొంగని బ్యాక్టీరియా, ఈ మూడూ కలిసి మన దగ్గర ఇన్ఫెక్షన్ మరణాలు అంతకన్నా ఎక్కువ.

వీటిలో చాలా మరణాలను ఆపవచ్చు. అందుకు కొత్త మందేదో కనిపెట్టేదాకా ఆగనక్కర్లేదు. పిల్లాడి ఒళ్లు వెచ్చబడిన క్షణం నుంచి మొదటి యాంటీబయాటిక్ నరంలోకి వెళ్లేదాకా గడిచే సమయాన్ని తగ్గించగలిగితే చాలా ప్రాణాలు నిలబడతాయి. ఎందుకో అర్థం కావాలంటే ముందు "కౌంట్" గురించి తెలుసుకోవాలి.

కౌంట్ ఎక్కువ, రక్షణ తక్కువ

లుకేమియా బయటపడిన రోజు రిపోర్టు చూసి చాలామంది తల్లిదండ్రులు అయోమయంలో పడతారు. తెల్ల రక్తకణాలు 80,000 ఉన్నాయంటారు. తెల్ల రక్తకణాలే కదా రోగాలతో పోరాడేవి, అవి అన్ని ఉండగా బిడ్డకు ఇన్ఫెక్షన్ల భయం ఏమిటి? ఆ 80,000లో ఎక్కువ భాగం బ్లాస్టులు, అంటే ఎదగని క్యాన్సర్ కణాలు. తాలు గింజల రాశి లాంటివి. ఎంత పెద్ద రాశి అయినా అందులో బియ్యం ఉండదు. బ్యాక్టీరియాను పట్టి చంపే పని ప్రధానంగా న్యూట్రోఫిల్స్‌ది. అందుకే డాక్టర్లు మొత్తం కౌంట్ కంటే న్యూట్రోఫిల్స్ అసలు సంఖ్యను ఎక్కువగా చూస్తారు. దాన్నే ఏఎన్‌సీ అంటారు.

లెక్క సులువే. మొత్తం తెల్ల కణాల్లో న్యూట్రోఫిల్స్ శాతం ఎంతో చూసి గుణిస్తే చాలు. 80,000లో న్యూట్రోఫిల్స్ ఒక్క శాతమే అయితే ఏఎన్‌సీ 800. కీమో తర్వాత మొత్తం కౌంట్ 1,200కి పడి, అందులో న్యూట్రోఫిల్స్ 25 శాతం ఉంటే ఏఎన్‌సీ 300. మామూలు పిల్లల్లో ఇది 1,500కి పైన ఉంటుంది. ప్రతి తల్లీ తండ్రీ ఈ లెక్క నేర్చుకోవాలని నా అభిప్రాయం. రిపోర్టు చేతికి వచ్చినప్పుడు దాని అర్థం తెలిస్తే ఆ రాత్రి ఎంత అప్రమత్తంగా ఉండాలో తెలుస్తుంది.

ఈ అంకెలకు అర్థం చెప్పినవాడు జెరాల్డ్ బోడీ అనే అమెరికన్ డాక్టర్. 1966లో ఆయన, ఆయన సహచరులు 52 మంది అక్యూట్ లుకేమియా రోగుల రక్త పరీక్షలనూ వాళ్లకు వచ్చిన ఇన్ఫెక్షన్లనూ పక్కపక్కన పెట్టి చూశారు. న్యూట్రోఫిల్స్ 1,000 కిందికి దిగితే ఇన్ఫెక్షన్లు పెరుగుతున్నాయి, 500 కంటే తగ్గితే ఇంకా పెరుగుతున్నాయి, 100 లోపు అయితే ప్రమాదం తీవ్రం. ఎంత పడిపోయాయన్నదే కాక, ఎన్ని రోజులు అలాగే ఉండిపోయాయన్నదీ అంతే ముఖ్యమని వాళ్లు గమనించారు. రెండు మూడు రోజుల్లో కౌంట్ లేచిన పిల్లాడికీ, రెండు వారాలైనా లేవని పిల్లాడికీ ప్రమాదంలో చాలా తేడా ఉంటుంది. ఇప్పటికీ పిల్లల క్యాన్సర్ వార్డుల్లో నిర్ణయాలకు 500 అనే ఆ గీతే ఆధారం.

చికిత్స మొదలైన మొదటి నెల, డాక్టర్లు ఇండక్షన్ అనే దశ, అన్నిటికన్నా గడ్డుకాలం. క్యాన్సర్ కణాలు మజ్జను ఆక్రమించి అప్పటికే మంచి కణాల ఉత్పత్తిని దెబ్బతీసి ఉంటాయి. దానిమీద కీమో పడుతుంది. పెద్ద మోతాదులో ఇచ్చే ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్లు రోగనిరోధక శక్తిని ఇంకో వైపు నుంచి తగ్గిస్తాయి. నోరు, పేగుల లోపలి పొర పుండ్లు పడుతుంది. మందులు ఎక్కించడానికి చేతికో ఛాతీకో వేసిన సన్నని గొట్టం, అంటే లైన్ ద్వారా సూక్ష్మజీవులకు మరో దారి ఏర్పడుతుంది. ఇన్ని ద్వారాలు ఒకేసారి తెరుచుకునే నెల అది. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలకైతే ముప్పు ఇంకా ఎక్కువ, అదీ ఇండక్షన్‌తో ఆగకుండా చికిత్స చివరిదాకా ఉంటుంది.

క్రిములు ఎక్కడి నుంచి వస్తాయి

బిడ్డకు ఇన్ఫెక్షన్ రాగానే ఇంట్లో మొదలయ్యేది నిందలు. ఎవరో వచ్చి వెళ్లారు, నువ్వు చేతులు సరిగ్గా కడుక్కోలేదు, ఆ పండు ఎందుకు పెట్టావు. ఎక్కువసార్లు ఆ మాటలు పడేది తల్లి. ఈ నిందల్లో చాలావరకు న్యాయం లేదు. న్యూట్రోఫిల్స్ లేని పిల్లల రక్తంలోకి చేరే బ్యాక్టీరియాలో చాలా భాగం వాళ్ల సొంత పేగుల్లో, నోట్లో, చర్మం మీద ముందునుంచీ ఉన్నదే. ఆరోగ్యంగా ఉన్నప్పుడు పేగు పొర దాన్ని లోపలే ఆపి ఉంచుతుంది. ఒకటీ అరా దాటినా న్యూట్రోఫిల్స్ పట్టేస్తాయి. కీమోతో పొర పలచబడి, న్యూట్రోఫిల్స్ లేకుండా పోయినప్పుడు అదే బ్యాక్టీరియా రక్తంలో పడి గంటల్లో రెట్టింపులవుతుంది.

మన దేశంలో ఈ ఇన్ఫెక్షన్లలో ముందుండేవి ఈ-కోలై, క్లెబ్సియెల్లా, సూడోమోనాస్ లాంటి గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియా. పాశ్చాత్య దేశాల్లో లైన్ల నుంచి వచ్చే గ్రామ్ పాజిటివ్ రకాలు ఎక్కువగా కనిపిస్తాయి. అవి సాధారణంగా కొంత నెమ్మదిగా ముదురుతాయి. గ్రామ్ నెగటివ్ అలా కాదు. పొద్దున ఆడుకున్న బిడ్డ సాయంత్రానికి షాక్‌లోకి వెళ్లిపోవచ్చు. పైగా మన దగ్గర చాలా బ్యాక్టీరియా మెరోపెనెమ్ లాంటి బలమైన మందులకు కూడా లొంగడం లేదు. అవసరం లేని దగ్గుకూ జలుబుకూ యాంటీబయాటిక్ కొనుక్కుని వాడిన సమాజం మూల్యం ఎక్కడో చెల్లించాలి. ఆ మూల్యంలో కొంత ఈ పిల్లలు చెల్లిస్తున్నారు. ఈ విషయంలో నాకు బాధతో పాటు కోపం కూడా ఉంది. మందుల దుకాణంలో చీటీ లేకుండా అమ్మే ప్రతి స్ట్రిప్పుకూ వార్డులో కౌంట్ పడిపోయి ఉన్న బిడ్డకూ సంబంధం ఉంది.

అందుకే ఒక దేశంలో పనికొచ్చిన పద్ధతి ఇంకో చోట అలాగే పనికొస్తుందని చెప్పలేం. ఉదాహరణకు లెవోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ ముందుజాగ్రత్తగా ఇస్తే అక్యూట్ లుకేమియా పిల్లల్లో రక్తంలో ఇన్ఫెక్షన్లు దాదాపు సగానికి తగ్గాయని 2018లో ఉత్తర అమెరికా నుంచి వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. మన పేగుల్లోని బ్యాక్టీరియా ఆ జాతి మందులకు ఇప్పటికే అలవాటు పడిపోయింది కాబట్టి, ఇక్కడ అదే ఫలితాన్ని ఆశించడం కష్టం.

జ్వరం వచ్చాక

1970కి ముందు పద్ధతి వేరు. జ్వరం వచ్చిన క్యాన్సర్ రోగికి రక్తం కల్చర్‌కు పంపి, ఏ బ్యాక్టీరియా పెరిగిందో తేలాక దానికి తగిన మందు ఇచ్చేవాళ్లు. వినడానికి శాస్త్రీయంగానే ఉంది. కానీ రిపోర్టు వచ్చేసరికి, ముఖ్యంగా సూడోమోనాస్ అయితే, చాలామంది రోగులు బతికి ఉండేవాళ్లు కాదు. 1971లో స్టీఫెన్ షింఫ్ అనే డాక్టర్, ఆయన బృందం దీన్ని తిరగేశారు. జ్వరం ఉండి న్యూట్రోఫిల్స్ లేకపోతే కారణం తేలేదాకా ఆగకుండా కార్బెనిసిలిన్, జెంటామైసిన్ కలిపి మొదలుపెట్టారు. మరణాలు బాగా తగ్గాయి. అప్పటి మందులు మారాయి. ఇప్పుడు పిపరాసిలిన్-టాజోబాక్టమ్, సెఫెపైమ్, అమికాసిన్ లాంటివి వాడుతున్నారు. ఏది వాడాలన్నది ఆ ఆసుపత్రిలో కనిపించే బ్యాక్టీరియాను బట్టి ఉంటుంది. సూత్రం మాత్రం మారలేదు: ముందు మందు, తర్వాత రిపోర్టు. ఆసుపత్రి గుమ్మంలో అడుగుపెట్టిన 60 నిమిషాల్లో మొదటి డోస్ పడాలన్నది నేటి లక్ష్యం.

తర్వాత చాలాసార్లు కల్చర్‌లో ఏమీ పెరగదు. జ్వరానికి వైరస్ కారణమై ఉండవచ్చు. అప్పుడు "అనవసరంగా ఇచ్చారు" అనిపించవచ్చు. ఏ జ్వరం మామూలుదో ఏది ప్రాణాంతకమో మొదటి గంటలో బయటి నుంచి చెప్పగల మనిషి లేడు. అందుకే అన్నిటినీ ఒకేలా చూస్తారు.

మరి జ్వరం అంటే ఎంత? ఎక్కువ కేంద్రాల్లో ఒక్కసారి 101 డిగ్రీల ఫారెన్‌హీట్ చూపినా, 100.4 గంటసేపు తగ్గకుండా ఉన్నా జ్వరమే. కొన్ని చోట్ల 100.4 ఒక్కసారి చూపితేనే రమ్మంటారు. మీ డాక్టర్ చెప్పిన అంకెను ఫ్రిజ్ తలుపు మీద రాసి పెట్టుకోండి. చేత్తో నుదురు ముట్టుకుని నిర్ణయించవద్దు. ఇంట్లో డిజిటల్ థర్మామీటర్ ఉండాలి, చంకలో పెట్టి చూడాలి. మలద్వారంలో పెట్టడం, ఎనిమా ఇవ్వడం మాత్రం చేయకూడదు. అక్కడి పలుచని పొర చిట్లితే బ్యాక్టీరియాకు నేరుగా రక్తంలోకి దారి దొరుకుతుంది.

ఇక్కడ మన ఇళ్లలో సహజంగా జరిగే పొరపాటు ఒకటుంది. జ్వరం రాగానే పారాసెటమాల్ సిరప్ పోసి, తగ్గుతుందేమో చూద్దామని రాత్రంతా ఎదురుచూడటం. మామూలు పిల్లలకు అది సరిపోతుంది. లుకేమియా చికిత్సలో ఉన్న బిడ్డకు అది దొంగను దాచిపెట్టడంతో సమానం. జ్వరం తగ్గినట్టు కనిపిస్తుంది, లోపల ఇన్ఫెక్షన్ పెరుగుతూనే ఉంటుంది. ముందు జ్వరం ఎంతో రాసుకోవాలి, వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయాలి, మందు పోయాలా వద్దా అన్నది వాళ్లను అడగాలి. ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ జోలికి అసలు పోకూడదు. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్న బిడ్డకు రక్తస్రావం కావచ్చు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర తుంటికి ఇంజెక్షన్ వేయించడం కూడా అదే కారణంతో ప్రమాదం. లోపల రక్తం గడ్డకట్టి, చీము పట్టవచ్చు.

అసలు చిక్కు దూరం. హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలోనో, విశాఖపట్నంలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలోనో చికిత్స తీసుకుంటున్న బిడ్డ ఇల్లు ఆదిలాబాద్ జిల్లా తండాలోనో, శ్రీకాకుళం ఏజెన్సీలోనో ఉండొచ్చు. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ 300 కిలోమీటర్లు. రాత్రి 11 గంటలకు జ్వరం మొదలైతే తెల్లారి బస్సు దాకా ఆగడమంటే ఆ విలువైన గంటలన్నీ పోగొట్టుకోవడమే. ఆరోగ్యశ్రీ వచ్చాక కీమో ఖర్చు చాలా కుటుంబాలకు భారం కాకుండా పోయింది. ఈ దూరాన్ని మాత్రం ఆ కార్డు తగ్గించలేదు.

దీనికి చేయగలిగింది ఉంది. కీమో తర్వాత డిశ్చార్జ్ అయ్యేటప్పుడే డాక్టర్‌ను ఒక చీటీ అడగండి. ఈ బిడ్డ లుకేమియా చికిత్సలో ఉంది, జ్వరం వస్తే రక్తం కల్చర్‌కు తీసి వెంటనే ఫలానా యాంటీబయాటిక్ ఇంత మోతాదులో నరానికి ఇవ్వండి, తర్వాత మాకు పంపండి అని ఆ చీటీలో ఉండాలి. ఇంటికి దగ్గర్లో ఏ ఏరియా ఆసుపత్రిలోనో జిల్లా ఆసుపత్రిలోనో 24 గంటలూ పిల్లల డాక్టర్ దొరుకుతారో ముందే కనుక్కోండి. క్యాన్సర్ కేసు మేం ముట్టుకోం, పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి అని పంపించేసే డాక్టర్లకు ఒక విన్నపం: కల్చర్ సీసా లేకపోయినా, ఏఎన్‌సీ రిపోర్టు రాకపోయినా ఆ మొదటి డోస్ ఇచ్చి పంపండి. క్యాన్సర్ వైద్యం తెలియకపోయినా ఆ ఒక్క పని చేయవచ్చు.

జ్వరం లేకుండా కూడా

ఇది ఎక్కువమందికి తెలియని సంగతి. స్టెరాయిడ్లు వాడుతున్న రోజుల్లో ఒంట్లో తీవ్రమైన ఇన్ఫెక్షన్ ఉన్నా జ్వరం రాకపోవచ్చు. కాబట్టి థర్మామీటర్ 98 చూపిస్తోందని ధైర్యపడకూడదు. బిడ్డ మందకొడిగా అయిపోవడం, కాళ్లూ చేతులూ చల్లబడటం, వణుకు, వేగంగా ఊపిరి తీయడం, ఆరేడు గంటలుగా మూత్రం పోయకపోవడం, ఇవి జ్వరం కంటే పెద్ద హెచ్చరికలు. కడుపునొప్పి ఇంకోటి. న్యూట్రోఫిల్స్ లేనప్పుడు పెద్దపేగు మొదటి భాగం వాచి ఇన్ఫెక్షన్ పట్టే స్థితి ఒకటుంది, టిఫ్లైటిస్ అంటారు. అజీర్తి అనుకుని వాము నీళ్లు పట్టిస్తే సమయం పోతుంది. లైన్‌లో సెలైన్ ఎక్కించిన కాసేపటికే చలి పుట్టి వణికితే లైన్‌లోనే ఇన్ఫెక్షన్ ఉందని అనుమానించాలి.

యాంటీబయాటిక్ మొదలుపెట్టి నాలుగైదు రోజులైనా జ్వరం దిగకపోతే, కౌంట్ లేవకపోతే, డాక్టర్ల దృష్టి ఫంగస్ మీదికి వెళ్తుంది. క్యాండిడా, ఆస్పర్జిల్లస్, మ్యూకార్. సీటీ స్కాన్ చేస్తారు, ఆంఫోటెరిసిన్ మొదలుపెడతారు. ఇక్కడ ఇంకో ముడి ఉంది. ఇట్రాకొనజోల్, వోరికొనజోల్ లాంటి ఫంగస్ మందులు, ఏఎల్‌ఎల్ చికిత్సకు వెన్నెముక అయిన విన్‌క్రిస్టిన్ అనే కీమో మందును శరీరం వదిలించుకోకుండా అడ్డుపడతాయి. దాంతో విన్‌క్రిస్టిన్ నరాలను దెబ్బతీస్తుంది, మలబద్ధకం తీవ్రమవుతుంది, ఫిట్స్ రావచ్చు. అందుకే చర్మం మీది తామరకైనా సరే, మరో డాక్టర్ రాసిన మాత్రను క్యాన్సర్ డాక్టర్‌కు చూపించకుండా వేయకూడదు.

ఇంటి దగ్గర గడిచే నెలలు

కష్టమైన నెలలు దాటాక మెయింటెనెన్స్ వస్తుంది. రోజూ 6-మెర్కాప్టోప్యూరిన్ మాత్ర, వారానికోసారి మెథోట్రెక్సేట్. మొత్తం చికిత్స రెండు రెండున్నరేళ్లు సాగేది దీనివల్లే. ఈ మెథోట్రెక్సేట్‌కు మన నేలతో సంబంధం ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే మందులను తయారుచేసింది. వాటిలో అమైనోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ బోస్టన్‌లో లుకేమియా పిల్లలకు ఇచ్చి, 16 మందిలో 10 మందికి తాత్కాలికంగానైనా జబ్బు తగ్గిందని 1948లో ప్రకటించారు. మెథోట్రెక్సేట్ దాని తోబుట్టువే. ఆరియోమైసిన్ అనే తొలి టెట్రాసైక్లిన్ యాంటీబయాటిక్ కూడా సుబ్బారావు పరిశోధన విభాగాన్ని నడుపుతున్న కాలంలో అక్కడి నుంచే వచ్చింది. లుకేమియా పిల్లలకు కావలసిన రెండు రకాల మందులూ ఒకే చోట పుట్టాయి.

మెయింటెనెన్స్‌లో ఏఎన్‌సీ 1,500 లోపే, మరీ పడిపోకుండా ఉండేలా డాక్టర్లు మాత్రల మోతాదు సర్దుతుంటారు. కొందరికి మామూలు మోతాదుకే కౌంట్ అట్టడుగుకు పోతుంది. ఎన్‌యూడీటీ15 అనే జన్యువులో తేడా దీనికి ఒక కారణం, ఆసియా వాసుల్లో అది ఎక్కువ. కౌంట్ పడిందని ఇంట్లోవాళ్లే మాత్ర ఆపేయడం, లేచిందని పెంచేయడం రెండూ తప్పే. ఇన్ఫెక్షన్ భయంతో కీమో ఎగ్గొడితే లుకేమియా తిరగబెడుతుంది.

ఈ దశలోనే సెప్ట్రాన్ విలువ తెలుస్తుంది. న్యూమోసిస్టిస్ అనే ఫంగస్ ఊపిరితిత్తులను పట్టి, ఒకప్పుడు లుకేమియా తగ్గిన పిల్లలను చంపేది. 1977లో వాల్టర్ హ్యూస్ మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ ఆసుపత్రిలో 160 మంది మీద పరీక్షించారు. ఉత్తుత్తి మాత్ర తీసుకున్న 80 మందిలో 17 మందికి ఈ న్యుమోనియా వచ్చింది. కోట్రైమాక్సజోల్, అంటే మనం సెప్ట్రాన్ అనే మందు, తీసుకున్న 80 మందిలో ఒక్కరికీ రాలేదు. పదేళ్ల తర్వాత వారానికి మూడు రోజులు వేసినా చాలని ఆయనే తేల్చారు. చాలా చవకైన మాత్ర. కీమో మాత్రల మధ్య ఇదేదో విటమిన్ అనుకుని మానేసే కుటుంబాలున్నాయి. దయచేసి మానకండి.

ఆటలమ్మ, తట్టు ఈ పిల్లలకు మామూలు జబ్బులు కావు. ఇంట్లోనో క్లాసులోనో ఎవరికైనా పోస్తే, మన బిడ్డకు ఇంకా ఏమీ రాకముందే, అదే రోజు డాక్టర్‌కు చెప్పాలి. ముందుగా ఇచ్చే ఇమ్యునోగ్లోబ్యులిన్‌కూ ఎసైక్లోవిర్‌కూ సమయం పరిమితంగానే ఉంటుంది. పొక్కులు కనిపించాక వేపాకులు పరిచి అమ్మవారికి మొక్కుకోవడంలో తప్పులేదు, ఆసుపత్రికి బయల్దేరుతూ ఆ పని చేయాలి. టీకాల విషయంలో బతికున్న వైరస్ ఉండే టీకాలు, అంటే తట్టు, ఆటలమ్మ టీకాలు, నోటి పోలియో చుక్కలు, చికిత్స సాగినంతకాలం ఈ బిడ్డకు వేయకూడదు. పల్స్ పోలియో రోజు చుక్కలు వేసేవాళ్లు ఇంటికి వచ్చినప్పుడు ఈ మాట చెప్పాలి. అన్నకో చెల్లికో కూడా నోటి చుక్కలకు బదులు ఇంజెక్షన్ పోలియో టీకా వేయించడం మంచిది. చుక్కలు వేసుకున్న పిల్లల మలంలో ఆ వైరస్ కొన్ని వారాలు బయటికి వస్తుంది. తోబుట్టువులకు తట్టు టీకా, ఇంటిల్లిపాదికీ ఫ్లూ ఇంజెక్షన్ మాత్రం వేయించాలి.

తిండి గురించి మనవాళ్లు చాలా భయపడతారు. పెరుగు వద్దు, పండు వద్దు, ఆకుకూర వద్దు, చివరికి బిడ్డ చప్పటి ఇడ్లీ తప్ప ఏమీ తినని స్థితికి వస్తుంది. పచ్చివన్నీ మాన్పించే కఠినమైన ఆహార నియమాన్నీ, మామూలు శుభ్రత పాటిస్తూ పెట్టే తిండినీ క్యాన్సర్ పిల్లల్లో పోల్చి చూస్తే ఇన్ఫెక్షన్లలో తేడా కనిపించలేదు. తొక్క తీసే అరటిపండు, బత్తాయి, బాగా కడిగి వండిన కూర, గుడ్డు, పప్పు, కాచిన పాలు పెట్టవచ్చు. బయట అమ్మే పానీపూరీ, కోసి పెట్టిన పండ్లు, చెరుకురసం మానాలి. పెరుగు గురించి మీ డాక్టర్ మాట వినండి, ఇందులో కేంద్రానికో పద్ధతి ఉంది. బక్కచిక్కిన బిడ్డ కీమోనూ తట్టుకోలేదు, ఇన్ఫెక్షన్‌నూ తట్టుకోలేదు. కడుపునిండా తినడం ఈ చికిత్సలో భాగమే.

చికిత్సను ఎంతవరకు తగ్గించవచ్చన్న పరిశోధన కూడా ఇన్ఫెక్షన్ల చుట్టూనే తిరుగుతోంది. 2016లో మన దేశంలోని పలు కేంద్రాలు కలిసి ఐసికిల్ అనే ట్రయల్ మొదలుపెట్టాయి. ప్రమాదం తక్కువ ఉన్న చిన్న పిల్లలకు ఇండక్షన్‌లో ప్రెడ్నిసొలోన్ ఐదు వారాలకు బదులు మూడు వారాలే ఇస్తే దుష్ప్రభావాలు తగ్గుతాయా అన్నది అందులో అడిగిన ప్రశ్నల్లో ఒకటి. మన పిల్లలకు సరిపోయే మోతాదు మన పిల్లల మీద చేసిన అధ్యయనాల నుంచే తేలాలి కాబట్టి ఇది చాలా అవసరమైన పని.

చివరి కీమో మాత్ర వేసిన రోజుతో జాగ్రత్తలు ఆగిపోవు. రోగనిరోధక శక్తి తిరిగి నిలదొక్కుకోవడానికి నెలలు పడుతుంది. సెప్ట్రాన్ ఇంకొన్ని నెలలు కొనసాగుతుంది. పోర్ట్ (మందులు ఎక్కించడానికి చర్మం కింద అమర్చే చిన్న పరికరం) గానీ లైన్ గానీ ఒంట్లో ఉన్నంతకాలం జ్వరం నియమం అలాగే వర్తిస్తుంది. సాధారణంగా ఆరు నెలలు దాటాక, డాక్టర్ చూసి చెప్పాక, మిగిలిపోయిన టీకాలూ కీమోతో బలం తగ్గిపోయిన పాత టీకాలూ మళ్లీ వేయిస్తారు. ఆ టీకాల కార్డును పారేయకుండా దాచి ఉంచండి, అప్పుడు కావాలి.